ఎనిమిది అడుగుల ముఖం

ఆ రోజు పొద్దున పెద్దకుంచెకు రెండు పనులున్నాయి. ఎనిమిది గంటలకు సినిమా హాలు ముందు బొమ్మ ఎక్కించాలి. తొమ్మిది గంటలకు ఆ బొమ్మ కిందే నిలబడి కూతురి పెళ్ళికి మాట ఇవ్వాలి. మొదటి పనికి హాలు యజమానిని అడిగాడు, చట్రాల మేస్త్రిని అడిగాడు, బండివాడిని కూడా అడిగాడు. రెండో పనికి ఎవరినీ అడగాల్సిన అవసరం కనిపించలేదు. కూతురిని అడగాలన్న ఆలోచన ఆయనకు రాలేదు, వచ్చినా గుమ్మంలోనే నిలబెట్టి పంపేసేవాడు.

కూతురికి ఉన్నది ఒకటే పని. తొమ్మిది కాకముందే తండ్రి ఎదుట నిలబడి, "నాన్నా, నేను అద్దాలబ్బాయినే చేసుకుంటాను" అని చెప్పాలి. నాలుగంటే నాలుగు మాటలు. కుంచెలు కడుగుతూ, రంగు కలుపుతూ, జుట్టు దువ్వుకుంటూ వాటిని రెండేళ్ళుగా వల్లె వేసింది. ఇక ఆగడానికి లేదు. ఆయన చట్రాల మేస్త్రి కొడుకుకిస్తానని ఒక్కసారి నలుగురిలో అన్నాడంటే బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఆ మాట వెనక్కి రాదు. "ఇవాళ చెప్పేస్తానమ్మా, ఏమైనా సరే" అంది తల్లితో. తల్లి పొయ్యి మీంచి చూపు తిప్పకుండానే, "చెప్పు. కానీ కాస్త దూరంగా నిలబడి చెప్పు" అంది.

ఆ సలహా వెనక కథ ఉంది. పెద్దకుంచె సినిమా బొమ్మలు గీసే మనిషి. ముప్పై ఏళ్ళుగా ఆ హాలు ముందు నిలిచిన ప్రతి బొమ్మా ఆయన షెడ్డులో పుట్టిందే. నలభై అడుగుల వెడల్పు, పాతిక అడుగుల ఎత్తు ఉండే బొమ్మ ఏ షెడ్డులోనూ పట్టదు కనుక, ఆరు చట్రాల మీద విడివిడిగా గుడ్డ బిగించి, నేల మీద పరిచి, గళ్ళు గీసి, ఒక్కో గడే నింపుకుంటూ పోతారు. ఆ ఆరు ముక్కలూ హాలు దగ్గర పరంజా ఎక్కి పక్కపక్కన నిలిచేదాకా బొమ్మ ఎలా వచ్చిందో గీసినవాళ్ళకే తెలియదు. ఎక్కిన తరవాత మాత్రం దించేది లేదు, దిద్దేది లేదు. ముప్పై ఏళ్ళలో ఒక్క ముఖం కూడా కిందికి దిగలేదని ఆయన గర్వం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. కుందేలు స్వయంగా వచ్చి నాలుగో కాలు చూపించినా, అది నీది కాదు పొమ్మంటాడు.

అలాంటి మనిషికి మూడేళ్ళుగా దగ్గరి చూపు ఆనడం లేదు. దూరపు చూపుకు తిరుగులేదు. వీధి చివర తిరిగే బస్సు మీద నెంబరు చదువుతాడు, ఎదురింటి డాబా మీద ఆరేసిన చొక్కాకు ఎన్ని గుండీలు ఊడాయో చెబుతాడు. చేతికి అందేంత దూరంలో ఉన్నది మాత్రం అలుక్కుపోయి కనిపిస్తుంది. ఒకనాడు కళ్ళద్దాల షాపు యజమాని నడివీధిలో ఆపి, మీకు అద్దాలు పడాల్సిందేనని పదిమంది వినేలా చెప్పాడు. ఆ రోజు నుంచి పెద్దకుంచె ఆ వీధి ముఖం చూడలేదు. కళ్ళు ఆనని మనిషికి ముఖాలు గీయమని ఎవరిస్తారు పని? ఆ భయం ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. "నేను గీత గీస్తాను, నువ్వు రంగు నింపు" అని కూతురికి మొదట చొక్కాలు అప్పగించాడు, తరవాత చేతులు, ఆ తరవాత ముఖాలు. చివర్న అడుగున సంతకం మాత్రం తనే చేసేవాడు, అదీ మూరెడేసి అక్షరాలతో. ముఖాలు ఎవరు గీస్తున్నారన్న మాట మూడేళ్ళలో ఆ ఇంట్లో ఒక్కసారి కూడా రాలేదు.

కూతురు మాత్రం ఒక రోజు ధైర్యం చేసి, నాన్న కళ్ళకు ఏం చేస్తే బాగుంటుందో అడగడానికి ఆ షాపుకు వెళ్ళింది. యజమాని లేడు. లోపల అద్దాలు సానపట్టే అబ్బాయి ఉన్నాడు. అతను తన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఎంతో ఓపికగా వివరించాడు. ఆమెకు సగమే అర్థమైంది. మిగతా సగం అడగడానికి మర్నాడు వెళ్ళింది. ఆ అడగడం రెండేళ్ళుగా సాగుతూనే ఉంది.

ఇక ఆ వారం హాలుకు వచ్చింది ఒక పాత సినిమా. గుర్రబ్బళ్ళ కాలం నాటి కథ. పెద్ద భవంతి, అందులో గుబురు మీసాల తండ్రి, ఆయన గీసిన గీత దాటని కూతురు, ఆమెకు సంగీతం చెప్పడానికి వచ్చిన బీద మాస్టారు. తండ్రి కూతురిని మేడ మీది గదిలో పెట్టి తాళం వేస్తాడు. మాస్టారు వానలో తడుస్తూ కిటికీ కింద నిలబడి పాడతాడు. చూసేవాళ్ళు చెంగులూ రుమాళ్ళూ తడుపుకుంటారు. పెద్దకుంచె ఆరు చట్రాల్లో నాలుగు మీసాల తండ్రికే ఇచ్చేశాడు. ప్రేమించుకున్న ఇద్దరినీ మిగతా రెంటిలో సర్దుకోమన్నాడు. అందుకని తండ్రి ముఖం పదహారు అడుగులు వచ్చింది, మాస్టారి ముఖం ఎనిమిది అడుగులు వచ్చింది.

తిప్పలన్నీ మాస్టారి ఫోటోతో మొదలయ్యాయి. హాలు యజమాని పంపిన ఒక్కగానొక్క ఫోటో ఆ వాన పాటలోది. అందులో మాస్టారి ముఖం సగం గొడుగు చాటున ఉంది, మిగతా సగం తడిసిన జుట్టు కింద ఉంది. ఇంకోటి తెప్పించమని కూతురు అడిగితే, ముక్కూ మూతీ ఉంటే చాలు, హీరో అంటే హీరోనే అని తండ్రి కొట్టిపారేశాడు. సరేనని ఆమె గళ్ళు నింపడం మొదలుపెట్టింది. సోమవారం ఒక బుగ్గ, మంగళవారం ముక్కు, బుధవారం కళ్ళు. రెండడుగుల దూరంలో గొంతుక్కూర్చుని ఎనిమిది అడుగుల ముఖం గీసేవాళ్ళకు ముఖం కనిపించదు, గడి కనిపిస్తుంది. ఈసారి చెయ్యి ఎక్కడా తడబడకుండా దానంతటదే సాగిపోతోందని ఆమె సంతోషించింది. ఎందుకు సాగిపోతోందో ఆలోచించలేదు.

పొద్దున షెడ్డులో నాలుగు మాటలూ నోటిదాకా తెచ్చుకుని, "నాన్నా" అంది. "బొమ్మ ఎక్కాక" అన్నాడు ఆయన. బండి మీద చట్రాలు కడుతున్నప్పుడు మళ్ళీ "నాన్నా" అంది. "ఎక్కాకన్నానా" అన్నాడు. ఆమె పళ్ళు బిగించి బండి వెనకే నడిచింది. ఎక్కాకైతే ఎక్కాకే, ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య గంట ఉందిగా అనుకుంది.

హాలు ముందు పరంజా సిద్ధంగా ఉంది. చట్రాల మేస్త్రి కింద నిలబడి కేకలేస్తున్నాడు. పైన తాడు లాగుతున్నది ఆయన కొడుకు, కాబోయే పెళ్ళికొడుకు. నిచ్చెనంత పొడుగు, నెమ్మదస్తుడు, చెప్పిన పని చేస్తాడు, చెప్పనిది చేయడు. ఒక్కో చట్రమే పైకి లేచింది. మీసాల తండ్రి భుజాలు ఎక్కాయి, కోటు ఎక్కింది, మీసం ఎక్కింది, నిప్పులు కక్కే కళ్ళు ఎక్కాయి. ఐదోదాంట్లో నాయిక ఎక్కింది. పెళ్ళికొడుకు చేతులు తుడుచుకుని, బలమంతా పెట్టి ఆరో చట్రాన్ని లాగి నిలబెట్టాడు.

కూతురు తల ఎత్తి చూసింది. పైన అద్దాలబ్బాయి ఉన్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకునేటప్పుడు ఎలా ఉంటాడో అచ్చం అలాగే ఉన్నాడు. ముక్కుకు రెండు పక్కలా కళ్ళద్దాలు నొక్కుకుపోయి పడ్డ రెండు చిన్న గుంటలు కూడా ఉన్నాయి. గుర్రబ్బళ్ళ కాలం నాటి సంగీతం మాస్టారికి ఆ గుంటలెందుకు ఉంటాయో చెప్పగలిగినవాళ్ళు లోకంలో లేరు. ఆమె పరంజా కర్ర పట్టుకుంది.

రోడ్డుకు అవతలి వైపు నిలబడి పెద్దకుంచె కూడా చూశాడు. ఆ ముఖం ఎవరిదో ఆయనకు తెలియదు. ఆ వీధిలో అడుగు పెడితే కదా తెలిసేది. తెలిసిందల్లా ఒకటే, అది హీరో ముఖం కాదు. పిల్ల తప్పు చేసిందనుకున్నాడు. కోపం నషాళానికి అంటింది. కానీ పిల్ల మీద కోప్పడితే, అయితే ముఖం గీసింది నీ కూతురా అని పదిమందీ అడుగుతారు. తేలు కుట్టిన దొంగలా గుటకలు మింగి ఊరుకున్నాడు.

మేస్త్రి పక్కకు వచ్చి, "బొమ్మ అదిరింది అన్నా. ఆ పాటల మాస్టారిని ఎక్కడో చూసినట్టుందే" అన్నాడు. సినిమాల్లో చూసుంటావులే అని పెద్దకుంచె తోసేశాడు. ఇంతలో సైకిలు మీద పోతున్న పేపరు మనిషి కాలు కింద పెట్టి, పైకి చూసి, నవ్వాడు. మన అద్దాలబ్బాయి సినిమాలో ఎప్పుడు వేశాడండీ అని అమాయకంగా అడిగి, పేపర్లతో పాటు ఆ వార్త కూడా వీధి వీధికీ పంచుకుంటూ వెళ్ళిపోయాడు.

అరగంటలో హాలు ముందు జనం చేరారు. ఒక రిటైరైన టీచరు లెక్క చూసి, ఈ సినిమా ఆ అబ్బాయి పుట్టకముందుది, ఎలా వేస్తాడు అని నిలదీశాడు. అయితే వాళ్ళ నాన్న వేసుంటాడని ఎవరో సర్దారు. అద్దాలబ్బాయి తండ్రి ఒకప్పుడు బస్సు డ్రైవరు. ఇంటికి వెళ్ళి మరీ నలుగురు అభినందిస్తే ఆయన మొదట కంగారుపడ్డాడు. తరవాత గొంతు సవరించుకుని, ఏదో చిన్నప్పటి సరదా అన్నాడు. కళ్ళద్దాల షాపు యజమాని ఇంకా చురుకైనవాడు. ఇక్కడ అద్దాలు సానపట్టేది హీరోగారేనని అట్ట మీద రాసి తలుపుకు తగిలించాడు. లోపల పనిలో ఉన్న అబ్బాయికి మాత్రం ఈ సంగతులేవీ తెలియవు. ఇవాళ ఇంతమందికి చూపు ఎందుకు తగ్గిందా అని ఆశ్చర్యపోతూ సానపడుతున్నాడు.

తొమ్మిదికి పది నిమిషాలుండగా హాలు యజమాని వచ్చాడు. పైకి చూశాడు, జేబులోంచి రుమాలు తీసి కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ఏమయ్యా పెద్దకుంచె, ఎవరయ్యా ఇతను?"

"హీరో."

"నా హీరో కాదు."

"వయసులో ఇలాగే ఉండేవాడు. మీరు చూసుండరు."

ఆ సినిమా తాను పద్నాలుగుసార్లు చూశానని హాలు యజమాని అన్నాడు. ఫోటో మోసం చేస్తుంది కానీ కుంచె చేయదని పెద్దకుంచె అన్నాడు. సాయంత్రంలోగా ముఖం దించి మార్చాలని ఆయనంటే, ముప్పై ఏళ్ళలో లేనిది ఇవాళ జరగదని ఈయన. వాదనలో తొమ్మిది దాటిపోయింది. మేస్త్రి రెండుసార్లు దగ్గాడు. మాట సంగతి ఏమైందని అడగబోయి, పెద్దకుంచె ముఖం చూసి ఆగాడు. కూతురు ఇదే అదననుకుని తండ్రి మోచేయి పట్టుకుంది. "నాన్నా, ఆ ముఖం సంగతి..."

"ఆ ముఖం నాది. నువ్వు నోరెత్తకు" అన్నాడు ఆయన పళ్ళ మధ్య నుంచి.

నాన్నకు అంతా తెలిసిపోయిందని ఆమె అనుకుంది. పిల్ల పనితనం బయటపడకుండా కాపాడుకుంటున్నానని ఆయన అనుకున్నాడు. అలా ఒకరి మీద ఒకరు మండిపడుతూ పక్కపక్కనే నిలబడ్డారు. సరే, తెలిసిపోతే పోయింది, ఇంక దాచేదేముందని కూతురు మరింత గట్టిపడింది. అవకాశం దొరికిన మరుక్షణం అనేయాలని నిశ్చయించుకుంది.

సరిగ్గా అప్పుడే జనం అద్దాలబ్బాయిని పట్టుకొచ్చారు. పని బట్టల మీద తెల్లటి పొడి, ముక్కు మీద కళ్ళద్దాలు, చేతిలో సగం సానపట్టిన అద్దం. ఎవరో కళ్ళద్దాలు తీయమన్నారు. తీశాడు. జనమంతా ఒకసారి పైకి, ఒకసారి కిందికి చూసి హోరెత్తించారు. హాలు యజమాని అతని జబ్బ పట్టుకుని తెచ్చి పెద్దకుంచె ఎదుట, మూరెడు దూరంలో నిలబెట్టాడు. "ఇదిగో నీ హీరో. ఇప్పుడేమంటావు?"

పెద్దకుంచె చూశాడు. ఎదురుగా తెల్లగా, గుండ్రంగా, అలుక్కుపోయినట్టు ఏదో ఉంది. అందులో ముక్కు ఎక్కడో మూతి ఎక్కడో తెలియలేదు. ఆయన పూర్తి నమ్మకంతో తల అడ్డంగా ఊపాడు. "ఇతనా? ఏ పోలికా లేదు."

జనం పగలబడి నవ్వారు. నీకు కళ్ళు కనిపించడం లేదా ఏంటయ్యా అని హాలు యజమాని మాటవరసకు అన్నాడు. ఆ మాటకు పెద్దకుంచె ఒళ్ళంతా చెమట పట్టింది. కానీ తడుముకోలేదు. బొమ్మ ముఖాన్ని ఎవరైనా మూరెడు దూరం నుంచి చూస్తారా, వెనక్కి నడవమనండి అన్నాడు. అద్దాలబ్బాయి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకా అన్నాడు పెద్దకుంచె. అతను ఇంకా నడిచాడు. రెండో అడుగుకే ఆ అబ్బాయికి సంగతి అర్థమైపోయింది. రెండేళ్ళుగా ఆమె అడుగుతున్నది ఆ కళ్ళ గురించేగా. అర్థమైనా పైకి కనపడనీయకుండా, అవునండీ, పెద్ద బొమ్మలకు అదే పద్ధతి అని జనానికి చెబుతూ, పెద్దాయన ఆపమనకపోవడంతో వెనక్కి నడుస్తూనే పోయాడు. పేవ్‌మెంటు దిగాడు, రోడ్డు మధ్యకు వచ్చాడు. బస్సు ఒకటి కీచుమని ఆగింది. కూతురు చూసింది. పరుగున వెళ్ళి అతని చొక్కా చెయ్యి పట్టి పక్కకు లాగింది.

ముప్పై అడుగుల దూరం. అంత దూరంలో పెద్దకుంచెకు చీమ పాకినా కనిపిస్తుంది. మొదట ఆ ముఖం కనిపించింది, గుంటలతో సహా. తరవాత అతని చొక్కా పట్టుకున్న కూతురి చెయ్యి కనిపించింది. ఆ చెయ్యి వదలడం లేదని కనిపించింది. ఆమె ముఖం ఎలా పాలిపోయిందో కనిపించింది. మూడేళ్ళుగా దగ్గర కూర్చున్న పిల్ల ముఖాన్ని ఆయన సరిగ్గా చూసింది అప్పుడే. ముఖం తప్పు రాలేదనీ, ఎవరిది రావాలో వాళ్ళదే వచ్చిందనీ ఆయనకు తెలిసిపోయింది.

మేస్త్రికి కూడా కళ్ళున్నాయి. ఆయనకు రెండు అనుమానాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి ఆ చెయ్యి గురించి, రెండోది ఆ మూరెడు దూరం గురించి. మొదటిది నలుగురిలో అడగలేక రెండోది పట్టుకున్నాడు. బుకింగు కిటికీ దగ్గర్నుంచి ఒక టికెట్టు తెచ్చి పెద్దకుంచె చేతిలో పెట్టాడు. "అన్నా, దీని మీద ఏం రాసుందో చదువు. మాట తరవాత ఇద్దువుగాని."

పెద్దకుంచె టికెట్టు చూశాడు. తిప్పి చూశాడు. దాని మీద రెండు మూడు మరకలున్నట్టు ఉంది. చెయ్యి చాచి దూరం పట్టుకుంటే చదవగలడేమో, కానీ చెయ్యి చాచితే అందరికీ తెలిసిపోతుంది. చుట్టూ జనం నవ్వడం మానేశారు. హాలు యజమాని ముఖంలో నవ్వు పోయి, లెక్కేదో మొదలైంది. మూడేళ్ళుగా ఈ మనిషి గీస్తున్నది ఏమిటి, గీస్తున్నది ఎవరు?

రోడ్డు మీంచి కూతురు ఇదంతా చూస్తోంది. తండ్రి ఆ టికెట్టును తిప్పి తిప్పి చూడటం ఆమె తరవాత ఎన్నేళ్ళయినా మరచిపోలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వల్లె వేసిన నాలుగు మాటలూ అంటే, ఆ ముఖం ఆమే గీసిందని చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది, ఆ క్షణంతో నాన్న పని ఆఖరు. అనకపోతే మేస్త్రి ఈ పూటే మాట తీసుకుంటాడు, ఆ క్షణంతో తన పని ఆఖరు. నాన్న మీద కోపం అలాగే ఉంది, అయినా ఆయన్ని ఇలా నలుగురిలో నిలబెట్టి నేను గెలవను, అలాగని ఓడిపోనూ పోను అనుకుంది. చొక్కా చెయ్యి వదలకుండానే, బస్సు ఇంజను చప్పుడును దాటి వినిపించేలా గొంతు పెంచింది.

"మేస్త్రిగారూ, ఆ టికెట్టు ఎందుకండీ. మా నాన్న ఎవరి ముఖమో తెలియకుండా గీసే మనిషి కాదు. నేను చేసుకోబోయే అబ్బాయి ముఖం గీశారు. నాకు ఇతనే కావాలని ఆయనకు తెలుసు." ఊపిరి పీల్చుకుని తండ్రి కేసి తిన్నగా చూసింది. "అవునా నాన్నా?"

బస్సు డ్రైవరు సరిగ్గా వినపడటానికి ఇంజను ఆపేశాడు. జనం మెడలన్నీ పెద్దకుంచె వైపు తిరిగాయి. కాదంటే, మరి ఈ ముఖం ఎవరు గీశారన్న ప్రశ్న వెంటనే వస్తుంది. అవునంటే కూతురు చేయి దాటిపోతుంది. ఆయన పిల్ల కేసి చూశాడు. దించని తల, బిగిసిన పెదవి, కదలని కనురెప్ప. ఇంత మొండితనం దీనికి ఎక్కడి నుంచి వచ్చిందా అని ఒళ్ళు మండింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు తెలియక కాదు.

టికెట్టును నలిపి జేబులో పెట్టుకున్నాడు. "అవును. అయితే ఏంటట?"

ఎవరూ అడ్డు రాకపోవడంతో ఆయన గొంతు పెంచాడు. "నా అల్లుడి ముఖం నేను గీసుకోవడానికి మీ అందరి పర్మిషను కావాలా? ఈ సంబంధం నేను కుదిర్చాను. అమ్మాయి మొదట ఒప్పుకోలేదు. నేనే పట్టుబట్టి ఒప్పించాను."

కూతురు నోరు తెరిచింది. రెండేళ్ళ వల్లెవేత బూడిదలో పోసిన పన్నీరైంది, పైగా ఇప్పుడు ఆమె నాన్న మాట విన్న బుద్ధిమంతురాలు కూడా అయిపోయింది. అద్దాలబ్బాయి నిజాయితీపరుడు కనుక, "అయ్యా, మిమ్మల్ని నేను చూడటం ఇదే మొద..." అని మొదలుపెట్టాడు. ఆమె అతని కాలు తొక్కింది. అతను మిగతాది మింగేశాడు.

మేస్త్రి ముఖం జేవురించింది. తనకు ఇస్తానన్న మాట ఏమైందని అడిగాడు. తొమ్మిదింటికి రమ్మన్నాను, ఇప్పుడు టైమెంతో చూసుకో, మాట ఇచ్చే వేళకు నువ్వు దగ్గుతూ నిలబడ్డావు అని పెద్దకుంచె ఎదురు తిరిగాడు. అంతలో పైనుంచి ఒక నెమ్మదైన గొంతు, "నాన్నా, చేతులు లాగేస్తున్నాయి. ఈ తాడు కట్టేయనా?" అని అడిగింది. ఎనిమిది గంటల నుంచి ఆరో చట్రాన్ని పెళ్ళికొడుకే పట్టుకుని ఉన్నాడు. కట్టేయమని చెప్పడం అందరూ మరచిపోయారు. మేస్త్రి కొడుకు కేసి ఒకసారి, ఆ ఎనిమిది అడుగుల ముఖం కేసి ఒకసారి చూసి, తల కొట్టుకుని, కట్టేయమన్నాడు. మరి నా హీరో సంగతేంటని హాలు యజమాని అడగబోయాడు కానీ, బుకింగు ముందు క్యూ వీధి మలుపు తిరగడం చూసి ఆ ప్రశ్నను వాయిదా వేసుకున్నాడు.

జనం చెదిరాక తండ్రీ కూతుళ్ళు ఖాళీ బండి పక్కన షెడ్డుకు నడిచారు. షెడ్డులో రంగు డబ్బాల మధ్య కూర్చున్నాక ఆయన అడిగాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

"ముఖాలు మూడేళ్ళు. అతను రెండేళ్ళు."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"పొద్దున్నుంచి చెబుతూనే ఉన్నాను నాన్నా. మీరు ఎక్కాక అన్నారు."

ఆయన నవ్వలేదు. కుంచె ఒకటి తీసి వేళ్ళతో దాని వెంట్రుకలు సవరించాడు. ఇవాళ నువ్వు ఆ మాట అనకపోతే నా బతుకు బజారున పడేదమ్మా అన్నాడు. అనకపోతే నా బతుకు కూడా పడేది అంది కూతురు. అద్దాలు పెట్టుకోండి నాన్నా, షెడ్డులో ఎవరు చూస్తారు అని బతిమాలింది. చూద్దాంలే అన్నాడు. కాసేపాగి, గోడ కేసి తిరిగి, "ఆ ముక్కు మీద గుంటలు... అవి గీయడం నాకు కూడా రాదు" అన్నాడు. మూడేళ్ళలో ఆయన ఆమె పనిని మెచ్చుకోవడం అదే మొదలు. ఆమె కుంచెలు కడగడానికి లేచింది.

మధ్యాహ్నం ఆటకు హాలు యజమాని వాళ్ళకు టికెట్లు పంపాడు. పెద్దకుంచె అందరికంటే వెనక వరుసలో కూర్చున్నాడు, అక్కడి నుంచి ఆయనకు తెర బాగా కనిపిస్తుంది. పక్కన కూతురు, ఆ పక్కన అద్దాలబ్బాయి. అసలు హీరో తెర మీదికి రాగానే, బయట బొమ్మలో ఉన్నవాడే బాగున్నాడని జనం గోల చేశారు. తరవాత కథలో పడి ఊరుకున్నారు. చివరి రీలులో గుబురు మీసాల తండ్రి మేడ మెట్లెక్కి, తాళం తీసి, కూతురి చేతిని సంగీతం మాస్టారి చేతిలో పెట్టాడు. హాలంతా ముక్కులు చీదింది. పెద్దకుంచె మాత్రం చేతులు కట్టుకుని, చివరి అక్షరం పడేదాకా కదలకుండా చూసి, బయటికి వచ్చి బొమ్మ కేసి చూశాడు.

"ఏం మనిషండీ ఆ తండ్రి," అన్నాడు కాబోయే అల్లుడితో, "బొత్తిగా పట్టుదల లేదు."